అరికాలి ముల్లు, గజ్జలోని బిళ్ళ

కాలిలో తుమ్మముల్లు విరిగినచో రెండు మూడు దినములకు గజ్జలో బిళ్ళ కట్టునని యెరుగని రైతు లేడు. ముల్లు దిగినది పాదమున. నొప్పి లేచినది తొడ మొదట. "విషము పైకెక్కినది" అని పెద్దలందురు. కొందరు ఆ బిళ్ళపై సున్నము, బెల్లము కలిపి పట్టు వేయుదురు. కొందరు ముల్లును మరచి బిళ్ళకే వైద్యము చేయింతురు.

బిళ్ళ విషము కాదు. అది దేహము తన సేనను సమకూర్చుకొను ఠాణా. ఆ ఠాణాకు కబురు చేరవేసినది మరెవ్వరో కాదు, ముల్లు దిగిన చోటి చర్మమే. ఈ సంగతి శాస్త్రజ్ఞులకే ఇటీవలి కాలము వరకు సరిగా తెలియదు. మన్నులో, బురదలో, పేడలో చేతులు కాళ్ళు పెట్టి బ్రతుకు మనకు అది తెలిసియుండుట యెంతయు నవసరమని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

చర్మమనగా లోని రక్తమాంసములను కప్పియుంచు సంచి యని సామాన్యముగా భావింతుము. ధాన్యమునకు గోనె యెట్టిదో దేహమునకు తోలు అట్టిదని మన తలంపు. కాని గోనెకు చిల్లి పడినచో ధాన్యము కారునే గాని గోనెపోగు కేక వేయదు. చొరబడిన ఎలుకను కరవదు. చర్మము ఈ రెండు పనులను చేయును.

నిండు మనుష్యుని చర్మమును పరచినచో సుమారు 2 చదరపు మీటర్లగును. అందు పైపొర మిక్కిలి పలుచనిది. దేహములో అనేక తావుల అది మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రమే. అరచేతను అరికాలను అంతకు పలు రెట్లు దళసరి. ఈ పైపొరలో నూటికి 90కి పైగా కెరటినోసైటులను కణములే యున్నవి. అవి అడుగున పుట్టి, క్రమముగా పైకి జరిగి, చదునై, గట్టిపడి, తుదకు చచ్చి పొలుసులై రాలిపోవును. పుట్టుక మొదలు రాలువరకు సుమారు నెల నుండి నెలన్నర పట్టును. చచ్చిన కణములు ఇటుకలవలె పేర్చబడి, వాని నడుమ క్రొవ్వు పదార్థము సున్నపు అడుసువలె పూయబడి యుండును. ఇది మొదటి గట్టు.

గట్టుపైని నేల గుణము వేరు. నేల పరీక్షలో ఆమ్లక్షారములను దెలుపు పి.హెచ్. సంఖ్యను మన రైతులు చాలమంది యెరుగుదురు. ఆరోగ్యముగల చర్మముపై అది సుమారు 5, అనగా కొంచెము పులుపు. రోగమును దెచ్చు బాక్టీరియాలలో పెక్కింటికి ఈ పులుపు గిట్టదు. చెమట కూడ ఉప్పునీరు మాత్రమే కాదు. జర్మనీ దేశమునందలి ట్యూబింగెన్ విశ్వవిద్యాలయములోని పరిశోధకులు 2001లో చెమటయందు డెర్మ్‌సిడిన్ అను పదార్థమును గనుగొనిరి. అది బాక్టీరియాలను చంపును. రైతు నుదుటి చెమటను గూర్చి కవులు చెప్పినదానికంటె ఈ మాట నాకు ఎక్కువ ముచ్చటగా తోచినది.

ఇంతేగాక చర్మముపై నిత్యము కాపురముండు సూక్ష్మజీవులును గలవు. వానిలో స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనునది మనకు సాధారణముగా హాని చేయక, సెగగడ్డలను గోరుచుట్టును పుట్టించు దాని దాయాదియైన స్టెఫిలోకాకస్ ఆరియస్‌ను ఎదుగనీయక యడ్డుపడును. ఈ రెండవది నూటికి 20 నుండి 30 మంది ముక్కులలో ఊరక పడియుండి, గట్టు తెగు సమయమునకై వేచియుండును.

ఇప్పుడు ముల్లు దిగినదనుకొందము. గట్టు తెగినది. ముల్లుతో బాటు మన్నును, మన్నుతో బాటు వేలకొలది బాక్టీరియాలును లోపల జేరినవి. చిట్లిన కెరటినోసైటులు తమలో ముందే దాచియుంచిన ఇంటర్‌ల్యూకిన్-1 అను పదార్థమును వెలువరించును. మంచెపైని కావలివాడు డబ్బా వాయించినట్లే యిది. ఆ చప్పుడు చుట్టునున్న కణములన్నియు వినును.

బ్రతికియున్న కెరటినోసైటులకు మరియొక నేర్పు గలదు. వాని పైభాగమునను లోపలను బాక్టీరియాలను గుర్తించు గ్రాహకములున్నవి. బాక్టీరియా గోడలోని పదార్థము గాని, అది యీదుటకు వాడు తోకలోని పదార్థము గాని తగిలిన తక్షణము ఇది పరాయిదని కణము గ్రహించును. ఇట్టి గ్రాహకములలో ముఖ్యమైనవానికి 'టోల్' అను పేరు గలదు. ఇవి రోగనిరోధమునకు పనికివచ్చునని మొదట తెలిసినది మనుష్యునిలో గాదు, మ్రగ్గిన పండ్లపై ముసరు చిన్న యీగలో. 1996లో ఫ్రాన్సు దేశమున జూల్స్ హాఫ్‌మన్ బృందమువారు దానిని నిరూపించిరి. 1998లో అమెరికాలో బ్రూస్ బాయిట్లర్ బృందమువారు ఎలుకలలో అట్టిదానినే చూపిరి. ఈ యిరువురకు 2011లో నోబెల్ బహుమానము లభించినది.

గుర్తించిన పిదప కణము ఊరకుండదు. డిఫెన్సిన్, కెథలిసిడిన్ అను చిన్న చిన్న ప్రోటీను ముక్కలను తయారుచేసి వెలుపలికి విడుచును. ఇవి బాక్టీరియా పైపొరకు అంటుకొని దానికి తూట్లు పొడుచును. వీనిలో నొకదానిని 1997లో జర్మనీలోని కీల్ నగరమున చర్మపు పొలుసుల నుండి వేరుచేసిరి.

ఈ చరిత్రలో కప్పకును పాలు గలదు. 1987లో మైకేల్ జాస్లోఫ్ అను అమెరికా పరిశోధకుడు కప్పలకు శస్త్రము చేసి, కుట్లు వేసి, మురికి నీటి తొట్టిలో విడిచెను. ఆ మురుగులోనున్నను గాయములు చీము పట్టక మానుచుండుట యాయనకు వింతగా తోచినది. కారణము వెదుకగా కప్ప చర్మమునందే బాక్టీరియాలను చంపు పదార్థము దొరికినది. హీబ్రూ భాషలో డాలు అను నర్థమిచ్చు మాటనుండి దానికి మాగైనిన్ అని పేరిడెను. వరిమడిలో మన కాళ్ళ నడుమ దుముకు కప్పకును మడిలో నిలిచిన మనకును ఈ డాలు విషయమున చుట్టరికమున్నదన్నమాట.

డబ్బా చప్పుడునకు మొదట పరుగెత్తి వచ్చునవి నెత్తుటిలోని తెల్లకణములు. న్యూట్రోఫిలులనునవి వానిలో ముందుండును. కెరటినోసైటులు విడిచిన పదార్థముల జాడబట్టి కొన్ని గంటలలో గాయము చేరి బాక్టీరియాలను మ్రింగును. అవి వచ్చుటకు వీలుగా నెత్తురు నాళములు వెడల్పగును. అందుచే ఎరుపు, వేడి, వాపు, సలుపు. పోరులో చచ్చిన తెల్లకణములును బాక్టీరియాలును కలిసినదే చీము. కొంచెము ఎరుపును వాపును చూచి భయపడ నక్కరలేదు. అవి కావలి జరుగుచున్నదనుటకు గుర్తులు. ఆ యెరుపు హద్దు దాటి ప్రాకినప్పుడే భయపడవలెను.

ఇక బిళ్ళ సంగతి. కెరటినోసైటుల నడుమ అక్కడక్కడ కొమ్మలు చాచుకొని కూర్చున్న వేరొక జాతి కణములున్నవి. 1868లో బెర్లినులో వైద్యవిద్యార్థియైన పాల్ లాంగర్‌హాన్స్ వీనిని మొదట చూచెను. కొమ్మలను చూచి ఇవి నరముల కణములు గాబోలునని యతడు తలంచెను. వీని నిజమైన పని తెలియుటకు నూరేండ్లు పట్టినది. ఇవియు, వీనికి దిగువ పొరలోనున్న వీని బంధువులును, చొరబడిన బాక్టీరియా ముక్కలను పట్టుకొని, చర్మము విడిచి, లసికానాళముల వెంట ప్రయాణము చేసి గజ్జలోని లసికాగ్రంథిని చేరును. చేయి తెగిన చంకలోని గ్రంథికి పోవును. దొంగ కండువాను ఠాణాలో చూపినట్లు ఆ ముక్కను అచ్చటి టి-కణములకు చూపును. ఆ దొంగను పోల్చుకొనగల కణములు అచ్చట వేలకు వేలుగా పెరుగును. ఆ పెరుగుదలయే బిళ్ళ. కావున బిళ్ళను పిసుకుట, కాల్చుట, కోయుట తగదు. చూడవలసినది కాలిలోని ముల్లును.

ఇంకొకటి చెప్పి ఈ భాగమును ముగింతును. చర్మము క్రింది క్రొవ్వు కణములు మెత్తటి పరుపు మాత్రమేయని మొన్నటివరకు భావించిరి. కాలిఫోర్నియాలో రిచర్డ్ గాలో బృందమువారు 2015లో ఎలుకలయందు శోధించి, స్టెఫిలోకాకస్ ఆరియస్ చొరబడినప్పుడు ఆ క్రొవ్వు కణములును కెథలిసిడిన్‌ను విడిచి పోరాడునని చూపిరి. తెల్లకణములు వచ్చులోపల ఇంటివారే కర్రలు పట్టినట్లు.

ఈ పద్ధతి మనుష్యులకును జంతువులకును మాత్రమే గాదు. వరికి వచ్చు బాక్టీరియా ఎండాకు తెగులును జూడుడు. ఆ బాక్టీరియా ఆకు అంచుననున్న నీటి రంధ్రముల ద్వారా గాని, గాయముల ద్వారా గాని లోనికి పోవును. తెగులు తగులు సీమలలో నారు కొనలు త్రుంచి నాటవలదని మేము ఊరూర చెప్పుట అందుకే. మన బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరికి (బి.పి.టి. 5204) ఈ తెగులు పెద్ద శత్రువు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వారును రాజేంద్రనగరమునందలి వరి పరిశోధన సంస్థవారును కలిసి, తెగులును తట్టుకొను మూడు జన్యువులను దానిలో జేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని రైతులకిచ్చిరి. ఆ మూటిలో నొకటి ఆఫ్రికా అడవి వరి నుండి వచ్చిన ఎక్స్‌ఎ 21. అది చేయు పనియేమి? ఆకు కణము పైభాగమున నిలిచి, బాక్టీరియా విడుచు పదార్థమును గుర్తుపట్టి, లోపలికి హెచ్చరిక పంపుట. దీనికిని మన చర్మమునందలి టోల్ గ్రాహకములకును రూపమున పోలిక గలదు. వరి ఆకునకు కావలివానిని సంపాదించి పెట్టుటకు ఇన్నియేండ్లు పాటుపడిన మనము, పుట్టుకతో వచ్చిన మన కావలివానిని సున్నముతో కాల్చుచున్నాము.

సున్నమే గాదు. కిరసనాయిలు, నమలిన పొగాకు, బూడిద, పసరు, పేడ, ఇంజను గ్రీజు ఇవన్నియు గాయములపై పూయుట నేను చూచితిని. తీక్ష్ణ పదార్థములు బాక్టీరియాకంటె ముందుగా గాయపుటంచునందలి క్రొత్త కెరటినోసైటులను చంపును. గాయము మానుటయనగా ఆ యంచు కణములు ప్రాకి నడుమ కలియుటయే గదా. సున్నము, చాకలిసోడా మొదలగు క్షారములు చర్మపు పులుపును గూడ పోగొట్టును. పేడలోను మన్నులోను ధనుర్వాతపు బీజములుండును. ఆ బాక్టీరియా గాలి సోకని లోతున దాగి విషమును మాత్రము పంపును. చర్మపు కావలి దానిని చక్కగా పట్టజాలదు. టీకా ఒక్కటే దానికి శరణ్యము.

నేనెరిగిన యొక రైతునకు మడమ పగులులో చెఱకు కోసిన మోడు గ్రుచ్చుకొనినది. నొప్పి యంతగా లేకుండుటచే పొగాకు కట్టి పొలమునకు పోవుచుండెను. నొప్పి లేకపోవుటయే కీడు. అతనికి మధుమేహము గలదని యెవరును చూడలేదు. ఆ వ్యాధిలో పాదపు నరములు మొద్దుబారును, రక్తప్రసారము తగ్గును, తెల్లకణములు చురుకుదనము గోల్పోవును. పదునైదు దినములకు రెండు వ్రేళ్ళు తీసివేయవలసి వచ్చినది. ఆ యేటి పంట కౌలునకు పోయినది. సంఘమునకు చెల్లింపవలసిన వాయిదా నిలిచిపోయినది. వాయిదాకు, మడమ పగులుకు సంబంధమేమని పంచాయతీదారులలో నొకరు పరిహాసమాడిరి. నాకు నవ్వు రాలేదు.

మన సికింద్రాబాదుకు ఈ చర్మపు కథలో ప్రత్యేక స్థానమున్నది. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ ఇచ్చటనే దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూచెను. మలేరియా బాక్టీరియా వలన వచ్చునది కాదు గనుక ఆ చర్చ యిచ్చట వలదు. అయినను చర్మపు గట్టును సూదితో దాటించు జంతువేదో లోకమునకు తెలిసినది మన యూరి నుండియే. దోమ తెచ్చు మరియొక రోగము బోదకాలు. తెలంగాణములో నల్లగొండ, కరీంనగరము మొదలగు ప్రాంతములవా రెందరో దానిచే బాధపడిరి. దానిలో పురుగులు లసికానాళములను చెఱచును. నాళము చెడినచో చర్మము పంపిన కబురు ఠాణాకు చేరదు, నీరు దిగదు, కాలు బరువెక్కును. ఏటికి పలుమారులు చలిజ్వరముతో కాలు ఎఱ్ఱబారి సలుపుట పురుగుల వలననేయని చాలకాలము తలంచిరి. వ్రేళ్ళ సందుల పగుళ్ళలో చొరబడు బాక్టీరియాలే ఆ జ్వరములలో పెక్కింటికి కారణమని తరువాత తేలినది. దినదినము సబ్బుతో కాలు కడిగి, సందులు పొడిగా తుడుచువారికి ఆ జ్వరములు ఎంతో తగ్గుచున్నవి. ఇందులకు కావలసినది ఒక చెంబెడు నీరు, ఒక గుడ్డ, ఓపిక.

కుష్ఠు మరియొక తీరు. దాని బాక్టీరియాను 1873లో నార్వే దేశమున హాన్సెన్ కనుగొనెను. అది రెండింతలగుటకు సుమారు రెండు వారములు పట్టునంతటి నిదానపుది. వందమందిలో తొంబదియైదుగురకు దానిని అణచు శక్తి సహజముగానే యున్నది. మిగిలినవారిలో అది తెల్లకణముల లోపలను చర్మపు నరముల లోపలను దాగి, కావలివాడు డబ్బా కొట్టకుండునట్లు మెల్లగా పెరుగును. తరువాత చర్మముపై పాలిన మచ్చ యగపడును; ఆ మచ్చలో స్పర్శ యుండదు. నరము చచ్చినచోట చెమట పట్టదు, చర్మమెండి పగులును, నిప్పు తగిలినను ముల్లు దిగినను తెలియదు. కుష్ఠు బాక్టీరియా వ్రేళ్ళను తినివేయునని జనులు నమ్మిరి. అట్లు గాదని, తెలియక కలిగిన గాయములు చీము పట్టుటచేతనే వ్రేళ్ళు పోవుచున్నవని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు పాల్ బ్రాండ్ 1946 తరువాత చేసిన కృషివలన లోకమునకు స్పష్టమైనది.

నిజామాబాదు జిల్లాలోని డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు 1915లో కుష్ఠు వైద్యాలయమును స్థాపించిరి. ఆ కాలమున హిడ్నోకార్పస్ నూనెను సూదితో నెక్కించుటకంటె వేరు చికిత్స లేకుండెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పలు మందుల చికిత్సను నిర్ణయించిన పిదప ఆరు నెలలలో గాని సంవత్సరములో గాని రోగము నయమగుచున్నది. ఆ మందులు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము. సికింద్రాబాదు మారేడుపల్లినుండి పనిచేయు లెప్రా సొసైటీవారు కుష్ఠు, బోదకాలు రెండింటియందును రోగులకు పాదరక్షణ నేర్పుచున్నారు. స్పర్శలేని మచ్చను దాచుకొనుటకంటె మించిన నష్టము లేదు; నరము చచ్చిన తరువాత మందు బాక్టీరియాను చంపునే గాని పోయిన కావలిని తిరిగి తేజాలదు.

మందులకు మనవాడును కారకుడే. భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనమును నడుపుచున్న కాలముననే అచ్చట ఆరియోమైసిన్ కనుగొనబడి 1948లో వెలువడినది. టెట్రాసైక్లినులలో అదియే మొదటిది. అట్టి మందులను అంగడిలో నడిగి రెండు మాత్రలు మ్రింగి మానివేయుటచే మందునకు లొంగని బాక్టీరియాలు పెరుగుచున్నవి. పైగా మందు శత్రువును తగ్గించును. మిగిలినవానిని ఏరివేయవలసినది దేహమే.

గాయమైనప్పుడు చేయవలసినది మిక్కిలి తక్కువ. ముల్లును పూర్తిగా తీసి, కాచి చల్లార్చిన నీటితో గాని శుభ్రమైన పారునీటితో గాని సబ్బుతో గాయము చుట్టును కడిగి, మన్ను పోవువరకు నీరు ధారగా పోసి, ఉతికి యెండబెట్టిన గుడ్డ కట్టవలెను. ధనుర్వాతపు టీకా వేయించుకొని చాలకాలమైనచో ఆ దినముననే వేయించుకొనవలెను. ఎరుపు ప్రాకినను, గాయమునుండి పైకి ఎఱ్ఱని చార సాగినను, చలిజ్వరము వచ్చినను, బిళ్ళ మెత్తబడి చీము పట్టినను వైద్యశాలకు పోవలెను. మధుమేహము గలవారు చిన్న గీతకైనను పోవలెను. వారు ప్రతి రాత్రి దీపము దగ్గర అరికాలిని చూచుకొనుట, చూపు ఆననివారు ఇంటిలోని పిల్లలచే చూపించుకొనుట మంచిది.

నాట్ల కాలములో దినమెల్ల నీటిలో నానిన ఆడువారి వ్రేళ్ళ సందులు తెల్లబారి పగులుట, గోరుచుట్టు లేచుట ప్రతి యూరను చూచుచున్నదే. నానిన పైపొరలో ఇటుకల నడుమ అడుసు వదలిపోవును. మడినుండి లేచిన వెంటనే మంచినీటితో కడిగి, కొంగుతో గాక పొడిగుడ్డతో సందు సందును తుడిచి, పగుళ్ళకు కొబ్బరినూనె గాని వాసెలిన్ గాని రాచుకొనవలెను. పగుళ్ళు మానువరకు రెండు దినములు నాటుపనికి బదులు కట్టలు మోయు పనియో నారు పంచు పనియో ఇచ్చుటకు భూమిగలవారికి కష్టమేమియు లేదు; కూలి తగ్గింపకున్న చాలును.